అప్పుల పుస్తకం ఎవరి దగ్గరుండాలి?

ఈ కింద మాట్లాడుకునే ఇద్దరికీ పేర్లు పెట్టలేదు. తండ్రి, కొడుకు, అంతే. సూళ్లూరుపేట చుట్టూ కాళంగి పారే పల్లెల్లో కౌలు సేద్యం మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. ఏ ఒక్క ఇంటి గుట్టూ బయటపెట్టడం ఇష్టం లేక, అలాంటి ఇళ్లలో జరిగే వాదనను ఇద్దరి నోట పెట్టి రాశాను.

ఇది 2025 వేసవి. తండ్రికి యాభై దాటాయి. నాలుగెకరాల కౌలు. కొడుకు ఐటీఐలో ఫిట్టర్ చదివి, తల్లికి జబ్బు చేయడంతో ఇంటిపట్టునే ఉండిపోయాడు. తల్లి ఫిబ్రవరిలో పోయింది. మార్చిలో కోత కోశారు, వడ్లు మిల్లుకు అమ్మేశారు. పొలం గలాయన మద్రాసులో ఉంటాడు. వచ్చే ఏటికి కౌలు సంగతి తేల్చమని ఫోను చేశాడు. మాట అక్కడ మొదలైంది.

నేను కొడుకు పక్షం. అయినా తండ్రి మాటల్లో నిజం తక్కువేమీ లేదు. అందుకే వాటిని ఎక్కడా కుదించలేదు.

కొడుకు: నాయనా, మద్రాసాయన మళ్లీ ఫోను చేసినాడు. ఉంచుకుంటారా, వదిలేస్తారా, ఏదో ఒకటి చెప్పమంటా ఉండాడు. వదిలేస్తామనే మాట నోటిదాకా వచ్చింది. నిన్నడక్కుండా ఎందుకులే అని ఊరుకున్నా.

తండ్రి: ఊరుకుని మంచి పని చేసినావు. ఆ కయ్యలు వదిలేదేందిరా? నువ్వు ఎత్తుకునే బిడ్డగా ఉన్నప్పుడు పట్టిన కౌలు అది. మనం వదిలితే తెల్లారేలోగా ఇంకొకడు బయానా ఇచ్చేస్తాడు. చేజారిన కౌలు మళ్లీ చేతికి రాదబ్బయ్యా.

కొడుకు: చేతిలో ఉండి ఏం మిగిల్చింది? ఒక్క ఎకరా లెక్క చూద్దాం. అమ్మింది ఎన్ని పుట్లు?

తండ్రి: మూడు.

కొడుకు: పుట్టి ఎంతకు పోయింది?

తండ్రి: తెలిసే అడగతా ఉండావు. పదహారున్నర వేలకి.

కొడుకు: అంటే ఎకరాకి 49,500. కౌలు 16,000. దుక్కి, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను, అన్నీ కలిపి 32,000 అయిందని నువ్వే చెప్పినావు. మిగిలింది 1,500. నాలుగెకరాలకి 6,000. ఏడాదంతా ఇద్దరం బురదలో పడితే వచ్చింది అది. మన కూలి అందులో కట్టనే లేదు.

తండ్రి: తిండిగింజలు పక్కన పెట్టుకున్నామా లేదా? ఈ ఏడు బియ్యం కొన్నామా? బర్రెలకు గడ్డి వచ్చిందా లేదా? అవి నీ లెక్కలో యాడుండాయి? సేద్యాన్ని కాగితం మీద వేస్తే ఎప్పుడూ నష్టమే అగపడతాది. మా నాయన కాలంలోనూ నష్టమే. అయినా ముగ్గురు ఆడబిడ్డల పెళ్లిళ్లు చేసినాడు.

కొడుకు: గింజలూ గడ్డీ కాదనడం లే. కానీ పంట చెడి మనం మునగలేదు, నాయనా. పంట వచ్చింది కూడా. మద్దతు ధర ఏ గ్రేడుకి క్వింటా 2,320. మన పుట్టి 850 కిలోలు. అంటే పుట్టికి 19,720 రావాల. మనకొచ్చింది 16,500. పుట్టికి 3,220, ఎకరాకి 9,660, నాలుగెకరాలకి 38,640 ఆ మిల్లు గేటు కాడ పోయింది. తేమ ఉండాదని పుట్టిని తొమ్మిదొందల కిలోలు దాటించి తూచింది దీనికి వేరే.

తండ్రి: ప్రభుత్వ కేంద్రానికి తోలుదామంటే ఈ-పంట నమోదులో ఎవరి పేరుండాది? ఆయన పేరు. డబ్బు ఆయన ఖాతాలో పడి, ఆయన తీరిక చూసుకుని పంపిందాకా కోత మిషనోడు ఆగుతాడా? ట్రాక్టరోడు ఆగుతాడా? పచ్చి వడ్లు రోడ్డు మీద పోసుకుని, మబ్బు చూసుకుంటా ఎన్ని రాత్రులు కావలి పడుకునేది? మిల్లోడు తక్కువ ఇచ్చినాడు, నిజమే. చేతిలో పెట్టినాడు.

కొడుకు: నేను చెప్పేదీ అదే. పేరు ఆయనది, చేతులు మనవి. పోయిన ప్రభుత్వంలో రైతు భరోసా 13,500 ఆయన ఖాతాకే పడింది. బ్యాంకులో పంట రుణం ఆయనే తీసుకున్నాడు. గడువులోపల కడితే వడ్డీ నూటికి ఏడాదికి నాలుగు రూపాయలు. మనకి నెలకి రెండు, మూడు రూపాయలు. ఒకే కయ్య, ఒకే పంట. ఏడాదికి నాలుగు యాడ, ముప్ఫై ఆరు యాడ!

తండ్రి: ఆయన్ననకురా. మీయమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కౌలు డబ్బు ఆరు నెలలు ఆగినాడు. ఒక్క మాట అడగలే.

కొడుకు: ఆయన మంచోడు కాదని నేనన్లే. మంచోడైతే కార్డు మీద సంతకం పెట్టమనాల. పెట్టమని నువ్వు ఒక్కసారైనా అడిగినావా?

తండ్రి: అడిగితే కౌలు పోతాది.

ఇక్కడ కాసేపు వాళ్లను ఆపి, ఆ కార్డు సంగతి చెప్పాలి. ఈ వాదనంతా దాని చుట్టే తిరుగుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు గుర్తింపు ఇవ్వాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 2011లో ఒక చట్టం వచ్చింది. దాని కింద రుణ అర్హత కార్డులిచ్చారు. ఆ కార్డుకు భూమి యజమాని సంతకం తప్పనిసరి కాదు. కౌలు రైతు దరఖాస్తు చేసుకుంటే, అభ్యంతరాలు విని, విచారించి ఇచ్చేవారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దీని కింద పదకొండు నెలలకు చెల్లే కార్డు ఇస్తారు. పంట మీదే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. కానీ ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం కావాలి. యజమానుల భయం తీర్చడానికి తెచ్చిన చట్టం, వాళ్లు ఒప్పుకుంటేనే పనిచేసే చట్టంగా తయారైంది. కౌలు రైతుల సంఘాలు మొదటి నుంచీ చెబుతున్న లోపం ఇదే.

యజమానులు ఎందుకు పెట్టరు? ఒక కారణం పాత భయం. 1956 నాటి కౌలు చట్టం పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు; కాగితం మీద పేరెక్కితే పొలం పోతుందనుకుంటారు. రెండో కారణం భయం కాదు, లాభం. ఆ సర్వే నంబరు మీద పంట రుణం వాళ్లే తీసుకుని ఉంటారు. అదే నంబరు మీద బ్యాంకు ఇంకొకరికి ఇవ్వదు. మొదటి కారణానికి నాకు సానుభూతి ఉంది. రెండోదానికి లేదు. సాగు చేసేవాడి కోసం పెట్టిన తక్కువ వడ్డీని సాగు చేయనివాడు వాడుకుంటే, చేసేవాడు మూడు రూపాయల వడ్డీ దగ్గరికి పోక తప్పదు.

తండ్రి: నువ్వు చట్టం మాట్లాడతావు. ఊళ్లో జరిగింది నేను చూసినా. చెరువు కింద ఒకాయన కార్డు కావాలన్నాడు. మరుసటి ఏడు ఆ పొలం ఆయన చేతిలో లే. ఆఫీసులో ఎవరూ ఏమీ అన్లే. పొలం గలామె, ‘ఈ ఏడు బీడు పెట్టుకుంటాం’ అనింది. నెల తిరక్కుండానే వేరేవాళ్లు దున్నినారు.

కొడుకు: అందుకే వదిలేద్దామంటా ఉండా. అడిగితే పోయేది, అడక్కపోతే మనల్ని ముంచేది, అట్టాంటి కౌలు మనకెందుకు? మాంబట్టులో, శ్రీసిటీలో పని ఉండాది. మన ఊరి రచ్చబండ కాడికే బస్సు వస్తాది. నాతో చదివినోళ్లు నలుగురు పోతా ఉండారు. చేరంగానే పధ్నాలుగు వేలు.

తండ్రి: ఆ బస్సెక్కే పిల్లల్ని నేనూ చూస్తా ఉండా. పేరు కంపెనీది, జీతమిచ్చేది కాంట్రాక్టరు. ఆర్డర్లు తగ్గితే రేపట్నుంచి రావద్దంటాడు. ముప్ఫై దాటితే కొత్తోళ్లు చాలంటాడు. అప్పుడు యాడికి పోతావు? మీ మేనమామను చూడు. పులికాట్‌లో వల వేసుకునేవాడు. రాయదొరువు కాడ ముఖద్వారం పూడిపోయి ఉప్పునీళ్లు రావడం తగ్గె. ఎండాకాలం మన వైపు సరస్సులో మనుషులు నడిచిపోతా ఉండారు. వల చుట్టి అటక మీద పెట్టి మద్రాసు పోయినాడు. ఏం బాగుపడినాడు? కాసిమేడులో ఇంకొకరి బోటు మీద కూలి. ఇంటికొస్తే చుట్టం మాదిరి రెండు రోజులుండి పోతాడు.

కొడుకు: మామ వల ఇష్టమై వదల్లేదు, నీళ్లు పోతే పోయినాడు. ముఖద్వారం తెరవండని వాళ్లు అడగతా ఎన్ని ఏళ్లయింది? మనదీ అదే కత. ఆయన కూలికి పోయినాడని ఎగతాళి చేస్తా ఉండావే, ఆయనకు అప్పు ఎంతో ఆయన పెళ్లానికి తెలుసు, కొడుక్కి తెలుసు. మన అప్పెంతో నాకు తెలీదు.

తండ్రి: నీకెందుకు తెలియాల?

కొడుకు: నేను ఈ ఇంట్లో ఉండా కాబట్టి.

తండ్రి: అప్పు చేసింది నేను. తీర్చేదీ నేనే. బిడ్డకు ఆస్తి ఇయ్యలేకపోయినా, అప్పు చెవిన వేసి కుంగదీసేవాణ్ణి మాత్రం కాను. ఇది నలుగురి నోట పడితే నీకు పిల్లనెవరిస్తారు? ‘ఆ ఇల్లు మునిగిన ఇల్లు’ అనే మాట ఒక్కసారి పుట్టిందంటే నాయుడుపేట దాకా పోతాది.

ఈ మాట దగ్గర నాకు చెయ్యి ఆగింది. అప్పు దాచే తండ్రులను తప్పుబట్టడం తేలిక. వాళ్లు దాచేది పరువు కోసం మాత్రమే కాదు. పిల్లవాడు నిద్రపోవాలని కూడా. పైగా ఈ అప్పు ఒక తండ్రి చేతకానితనం కాదు. 2019లో జాతీయ నమూనా సర్వే దేశమంతటా వ్యవసాయ కుటుంబాల పరిస్థితి లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేలింది. సగటున ఇంటికి 2,45,554 రూపాయలు. దేశ సగటు 74,121. రాష్ట్రాలన్నిటిలోనూ మనదే ఎక్కువ. నూటికి 93 ఇళ్లలో ఉన్నదాన్ని ప్రతి ఇల్లూ తన ఒక్కదానిదే అయినట్టు దాచుకుంటోంది.

కొడుకు: తాత కూడా నీకు చెప్పలేదు గదా.

తండ్రి: చెప్పలే. 1984 నవంబరులో తుపాను శ్రీహరికోట కాడ తీరం దాటినప్పుడు నాకు పన్నెండేళ్లు. తెల్లారి చూస్తే ఇంటికి పైకప్పు లే. ఎద్దులు రెండూ కొట్టంలోనే చచ్చిపడి ఉండాయి. మా నాయన ఏడవలే, ఒక్క మాట మాట్లాడలే. గడ్డపార నా చేతికిచ్చినాడు. ఇద్దరం గుంట తవ్వి ఎద్దుల్ని పూడ్చినాం. సాయంత్రం దాకా పట్టింది. ఆ మరుసటి ఏడు మళ్లీ నాటినాడు. ఎట్ట నాటినాడో, ఎద్దులు యాడ తెచ్చినాడో నాకు తెలీదు. మగోడంటే అట్టుండాలనుకున్నా. ఇప్పుడూ అదే అనుకుంటా.

కొడుకు: ఎట్ట నాటినాడో నీకు తర్వాతైనా తెలిసింది గదా. నేనే చెప్పనా? ఉన్న రెండెకరాలు రాసిచ్చి ఎద్దులు తెచ్చినాడు. తాకట్టని చెప్పి క్రయ దస్తావేజు మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆయన పోయినాక, పెద్దకర్మ రోజు ఆ కాగితం పట్టుకుని మనిషి వచ్చినాడు. నువ్వు అప్పుడే మొదటిసారి చూసినావు. ఇదంతా అమ్మ చెప్పింది. తాత బతికుండగా నీకు చెప్పుంటే, నువ్వు అప్పటికి ఏడో తరగతి దాకా చదువుకున్నోడివి, ఆ కాగితం చదివి ఉండేవాడివి. ఆ రెండెకరాలు మనకుండేవి. మనం కౌలుదారులం అయ్యేవాళ్లమే కాదు.

తండ్రి చాలాసేపు ఏమీ అనలేదు. అన్నప్పుడు కూడా దీనికి జవాబు చెప్పలేదు.

తండ్రి: 2023లో మిచాంగ్ తుపాను వస్తాదని వారం ముందే టీవీలో చెప్పినారు. పైనుంచి ఉపగ్రహం చూస్తా ఉంటాదంట. మా కాలంలో మాదిరి మనుషులు పోలేదు, అంతవరకు మేలే. నాటు వేసి పదిహేను రోజులు కాలే. ముందే తెలిసి నేనేం చెయ్యగలను? పైరును పీకి ఇంట్లో పెట్టుకుంటానా?

కొడుకు: పైరును కాపాడలేం. కాగితముంటే నష్టపరిహారం అడగొచ్చు. ఆ డిసెంబరులో మునిగిన కయ్యల పేర్లు రాసుకోను వచ్చినోళ్లు ఎవరి పేరు రాసినారు? మళ్లీ నారు కొని, మళ్లీ నాటింది ఎవరు? దానికి డబ్బు యాడిది, నాయనా?

తండ్రి: తెచ్చినా.

కొడుకు: ఎంత?

తండ్రి: వదిలెయ్యిరా.

కొడుకు: అమ్మకు తెలుసా?

తండ్రి: మీయమ్మకు తెలీకుండా నేను ఒక్క రూపాయి తెచ్చినానా? రాసింది ఆమే గదా. నా రాత నాకే అర్థం కాదు.

కొడుకు: ఇన్నాళ్లూ ఆ బరువు మోసేదానికి ఇద్దరుండారు. అమ్మ పోయినాక నువ్వొక్కడివే ఉండావు. రాత్రి రెండు గంటలకు లేచి మోటారు కాడికి పోతా ఉండావు. కరెంటు లేని టైములో మోటారు కాడ ఏం పని? నువ్వు తిరిగొచ్చిందాకా నేను గడప కాడ నిలబడి ఉంటా. అది నీకు తెలుసా? నాకు చెప్పకపోతే నేను నిద్రపోతాననుకుంటా ఉండావు. నాకు నిద్ర పట్టి మూడు నెలలైంది.

తండ్రి: ... ట్రంకు పెట్టెలో మీయమ్మ చీరల కింద ఉండాది. పో, తీసుకురా.

అది బడిపిల్లలు వాడే సగం సైజు రూళ్ల పుస్తకం. అట్ట ఊడితే తల్లి దారంతో కుట్టింది. ఒక్కో బాకీకి ఒక్కో పేజీ. పైన మనిషి పేరు బదులు ‘మిల్లు పక్క ఇల్లు’, ‘ఎరువుల అంగడి’ అని ఆనవాళ్లు మాత్రమే. వడ్డీ కట్టిన నెలకు ఎదురుగా ఒక అడ్డగీత. జనవరి దాకా గీతలున్నాయి. ఆమె రాసిన చివరి పద్దు ‘యూరియా 2 కట్టలు, డబ్బు ఇయ్యాల’. ఆ తర్వాతవన్నీ తండ్రి మనసులోనే ఉన్నాయి. కొడుకు చదివాడు, తండ్రి నోటితో మిగతావి చెప్పాడు.

మూడు సవర్ల గొలుసు మీద బ్యాంకులో 90,000. తల్లి పేరు మీద డ్వాక్రా గ్రూపులో మిగిలిన 40,000. ఎరువుల అంగడిలో 64,000. మద్రాసు ఆసుపత్రి కోసం రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 2,00,000. ఆరోగ్యశ్రీ కార్డున్నా, వీళ్లు వెళ్లిన ఆసుపత్రి దాని జాబితాలో లేదు. చివరిది, కొడుక్కి బొత్తిగా తెలియనిది: మిచాంగ్ తర్వాత మళ్లీ నాటడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 1,50,000. మొత్తం 5,44,000.

కొడుకు: నేను మూడు లక్షలనుకున్నా.

తండ్రి: అందుకే చెప్పలే.

కొడుకు: కాదు నాయనా, చెప్పినందువల్లే ఇప్పుడు లెక్క అందతా ఉండాది. చూడు. రెండు లక్షలకి నెలకి 4,000, లక్షన్నరకి 4,500. ఈ రెండింటికే నెలకి 8,500, ఏడాదికి 1,02,000. సేద్యంలో మిగిలింది 6,000. నువ్వు ఎంత కష్టపడినా ఆ నాలుగెకరాల్లో నుంచి ఈ వడ్డీ రాదు. వర్షం కురిసినా రాదు, ధర వచ్చినా రాదు. నేను పనికి పోవాల. ముందు మూడు రూపాయలది వదిలించుకోవాల.

తండ్రి: అది కాదు. ముందు రెండు రూపాయలాయనది తీర్చాల.

కొడుకు: ఎందుకు? వడ్డీ దేనికెక్కువో దాన్ని కదా ముందు తుంచాల?

తండ్రి: మూడు రూపాయలోడు వ్యాపారం చేసినాడు. నోటు రాయించుకున్నాడు, ఇద్దరి సాక్షి సంతకాలు పెట్టించుకున్నాడు. రెండు రూపాయలాయన రాత్రి పన్నెండుకి తలుపు కొడితే లేచి, బీరువా తెరిచి ఇచ్చినాడు. ఏ కాగితం అడగలే. ‘ముందు మనిషిని చూసుకో’ అన్నాడు. మీయమ్మ ఇంకో ఎనిమిది నెలలు మన కళ్ల ముందర తిరిగిందంటే ఆయన డబ్బే. కాగితం లేనోడికి ఆఖరున ఇస్తామా? కాగితముండేవాణ్ణి చూసి భయపడి, లేనోణ్ణి వెనక్కి నెట్టే బతుకు నాకొద్దు.

వడ్డీ లెక్కలో కొడుకుదే ఒప్పు. నేనూ అదే లెక్క చెబుతాను. అయితే పల్లెల్లో రేపు ఇంకో తలుపు తెరుచుకోవాలంటే తండ్రి చెప్పే లెక్క కూడా ఉండాల్సిందే. బ్యాంకు రాని చోట, బీమా రాని చోట, అర్ధరాత్రి కాగితం అడక్కుండా ఇచ్చే మనిషే ఆ ఊరికి దిక్కు. ఆ నమ్మకం చెడితే తర్వాత జబ్బుపడ్డ ఇంటికి ఆ తలుపు తెరుచుకోదు. వీళ్లిద్దరూ దీని మీద రెండు పూటలు పోట్లాడుకున్నారు. అన్నం దగ్గర కూడా ఆగలేదు.

కొడుకు: ఒక మాట చెప్తా. ఇద్దరం కలిసి ఆయన ఇంటికి పోదాం. ఉన్నదున్నట్టు చెప్దాం. ‘మూడు రూపాయలది మమ్మల్ని తినేస్తా ఉండాది, ముందు దాన్ని తీర్చుకోనియ్యండి, మీ వడ్డీ నెలనెలా తప్పకుండా ఇస్తాం, ఈసారి నోటు రాసిస్తాం’ అని అడుగుదాం. ఒద్దంటే నీ మాటే కానీ.

తండ్రి: ఆయన ముందర నువ్వు కూడా కూర్చుంటావా?

కొడుకు: కూర్చుంటా. నోటు మీద నేనూ సంతకం పెడతా.

తండ్రి: నీ సంతకం వద్దు. కూర్చో చాలు.

కొడుకు: మరి కౌలు?

తండ్రి: నాలుగూ వదలను.

కొడుకు: రెండు ఉంచుదాం. తిండికీ గడ్డికీ చాలు. ఉన్న రెండు బర్రెల పాలతో ఇల్లు గడుస్తాది. రెండెకరాలకైతే నువ్వు అప్పు తేకుండా నెట్టుకురావచ్చు. పెట్టుబడి నేను పంపిస్తా. కానీ ఒకటి. ఈసారి కార్డుకి సంతకం అడగతాం. నువ్వడగలేకపోతే నేనడగతా.

తండ్రి: కాదంటే?

కొడుకు: కాదంటే కాదంటాడు. రెండెకరాలు పోతాయి. అడక్కుండా ఉంటే ఇంకో తుపాను ఇంకో లక్షన్నర తెప్పిస్తాది.

తండ్రి: రెండు ఒప్పుకుంటా. అడిగేది మాత్రం ఫోన్లో వద్దు. ఇరవై ఏళ్ల కౌలు. ఆయన ముందర నిలబడి అడుగుదాం. మద్రాసుకి లోకల్ రైలుండాది గదా, పొద్దున్నే పోదాం. నేనే మాట్లాడతా. నువ్వు ఆ చట్టం కాగితం చూపించు.

వాళ్ల మధ్య ఇంకా తెగని సంగతులున్నాయి. ఫ్యాక్టరీ పని నిలకడగా ఉండదన్న తండ్రి మాట అలాగే ఉంది. కొడుకు దానికి జవాబు చెప్పలేదు, చెప్పగలిగేది కూడా కాదు. తల్లి గొలుసు విడిపించాలా, వేలానికి వదలాలా అన్నది ఇద్దరూ ఎత్తలేదు. పుస్తకం మాత్రం ఇప్పుడు కొడుకు రాస్తున్నాడు, తండ్రి చెబుతున్నాడు.

ఇంట్లో చెప్పుకోలేని అప్పుతో నలిగిపోతున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ రోజే భార్యకో, బిడ్డకో, తమ్ముడికో మొత్తం అంకె చెప్పండి. ఇంట్లో నోరు రాకపోతే టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

మరో మాట భూమి గలవారికి. సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట వైపు మీకు పొలముండి, మీరు చెన్నైలోనో నెల్లూరులోనో ఉంటూ ఇంకొకరి చేత సాగు చేయిస్తుంటే, పంట సాగుదారు కార్డు పత్రం మీద సంతకం పెట్టండి. దాని గడువు పదకొండు నెలలే. మీ పట్టా మీ పేరునే ఉంటుంది, మీ కౌలు మీకు వస్తుంది. పొలం మునిగిన ఏడాది పరిహారం, పండిన ఏడాది మద్దతు ధర మాత్రం పండించినవాడికి అందుతాయి. ఆ పత్రం మీ ఊరి సచివాలయంలో వీఆర్వో దగ్గర దొరుకుతుంది. నారు పోసేలోగా వెళ్లండి.